పాత ఇంటికి వసారా ఎలా కట్టాలి?

పిల్లలూ! మీ ఊళ్లో పెంకుటిళ్లు ఇంకా మిగిలి ఉన్నాయా? ఉంటే ఈసారి బడికి వెళ్లేటప్పుడు ఒక్క నిమిషం ఆగి వాటి ముందు భాగం చూడండి. వీధి గోడకు ఆనుకొని, స్తంభాల మీదుగా వాలుగా దిగిన కప్పు ఒకటి ఉంటుంది. దాని కింద ఎత్తైన అరుగు ఉంటుంది. ఈ భాగాన్ని కొందరు వసారా అంటారు, కొందరు పంచ అంటారు. రాయలసీమవాళ్లు ఆ అరుగును తిన్నె అంటారు. పూర్వం ధాన్యం కొలవడం, తగవులు తీర్చడం, బాటసారులు తల వాల్చడం అన్నీ ఇక్కడే జరిగేవి. చదువు కూడా ఇక్కడే! 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన పాలనలోని బడుల వివరాలు సేకరించమని కలెక్టర్లకు ఉత్తరువు ఇచ్చాడు. ఆ కాలపు వీధి బడులలో చాలా వాటికి సొంత భవనమంటూ లేదు. ఎవరో ఒకరి వీధి అరుగే పాఠశాల.

ఇంటి మొత్తంలో ముందుగా పాడయ్యేది కూడా ఈ వసారాయే. ఎండ, వాన, గాలి మొదట తగిలేది దానికే కదా! అందువల్ల అసలు ఇల్లు గట్టిగా ఉండి, వసారా మాత్రం పోయిన పాత ఇళ్లు మనకు చాలా కనిపిస్తాయి. మరి అలాంటి ఇంటికి తిరిగి వసారా కట్టవలసి వస్తే ఏం చెయ్యాలి? తోచినట్లు కట్టవచ్చునా? ఇది కేవలం అందానికి సంబంధించిన ప్రశ్న అనుకుంటున్నారేమో. కాదు. తప్పుడు వసారా కట్టితే పాత గోడ పదేళ్లలో పిండి పిండి అవుతుంది. అదెలాగో చూద్దాం.

కృష్ణా డెల్టాలో మా పాఠశాలకు రెండు వీధుల అవతల ఒక మండువా లోగిలి ఉంది. దక్షిణ ముఖం ఇల్లు. ముందు గోడ పొడవు ముప్పై అడుగులు. 1977 నవంబరులో దివిసీమను ముంచిన పెనుతుఫానుకు దాని వీధి వసారా లేచిపోయింది. ఆ తరువాత వేసిన ఇనప రేకులు తుప్పు పట్టాయి. వాటిని కూడా తీసేసి కొత్తది కట్టాలనుకున్నారు. గుండ్రని కాంక్రీటు స్తంభాలు లేపి పైన స్లాబు వేద్దామని మనవడి అభిప్రాయం. పూర్వం ఉన్నట్లే ఉండాలని మామ్మగారి పట్టుదల. అయితే పూర్వం ఎలా ఉండేది? ఎత్తెంత, వాలెంత, స్తంభాలెన్ని అంటే ఆవిడకూ సరిగా గుర్తు లేదు. ఆ సంగతి తేల్చే పని మా తొమ్మిది, పది తరగతుల విద్యార్థులు తీసుకున్నారు.

గోడ ఇచ్చిన సాక్ష్యం

పోలీసులు దొంగ అడుగుజాడలు వెతికినట్లు మేము పోయిన వసారా జాడలు వెతికాం. టేపు, తూనిక గుండు, నోటు పుస్తకం ఇవే మా పరికరాలు.

మొదటి జాడ గోడ మీద దొరికింది. అరుగు మట్టం నుంచి సరిగ్గా పది అడుగుల ఎత్తున, ఒకే వరుసలో ఇటుక ముక్కలతో పూడ్చిన గూళ్లు కనిపించాయి. వాసాల కొనలు ఆనినది అక్కడే. రెండో జాడ, వసారా రెండు చివర్లా నిలిచి ఉన్న అడ్డగోడల మీద ఉంది. వాటిపై ఏటవాలుగా ఒక గీత కనబడుతుంది. గీతకు దిగువన సున్నం పొరలు పొరలుగా దళసరిగా ఉంది. ఎగువన వానకు కడుక్కుపోయి ఇటుక తేలింది. అంటే ఆ గీత వెంబడే కప్పు ఉండేదన్నమాట! కొలిచి చూస్తే ప్రతి రెండు అడుగుల దూరానికి ఒక అడుగు దిగుతోంది. వాలు తెలిసిపోయింది.

అరుగు మీద గోడకు నాలుగున్నర అడుగుల దూరంలో గుంట తొలిచిన రాళ్లు నాలుగు దొరికాయి. స్తంభాల అడుగు భాగం దిగేది ఆ గుంటలోకే. పక్కపక్కనే ఉన్న రెండు గుంటల మధ్య దూరం ఆరు అడుగులు. ముప్పై అడుగుల పొడవుకు అయిదు ఖాళీలు, ఆరు స్తంభాలు. రెండు రాళ్లు ఎవరో పట్టుకుపోయి ఉంటారు. ఇక అరుగు కింద, గోడకు ఆరు అడుగుల దూరంలో, వీధి రాళ్ల మీద వరుసగా చిన్న చిన్న గుంటలు పడి ఉన్నాయి. ఏళ్ల తరబడి చూరు నీళ్లు బొట్లు బొట్లుగా పడిన గుర్తు అది. చూరు ఎంతవరకు వచ్చేదో అదే చెప్పింది. గోడ దగ్గర పది అడుగులు, ఆరు అడుగులు ముందుకు వచ్చేసరికి మూడు అడుగులు దిగుతుంది. కాబట్టి చూరు అంచు ఎత్తు అరుగు మీద నుంచి ఏడు అడుగులు.

ఆ చూరు గీత వెంట మట్టి తవ్వితే పెంకు ముక్కలు వచ్చాయి. ఇక్కడ ఒక ఆశ్చర్యం. ఇంటి పెద్ద కప్పు మీద ఉన్నవి మనవైపు బెంగుళూరు పెంకులని పిలిచే చదును పెంకులు. ఈ రకం నిజానికి మంగుళూరుది. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు అక్కడ కర్మాగారం పెట్టి వీటిని తయారు చేయడం మొదలుపెట్టారు. కాని మట్టిలో దొరికినవి అరగొట్టంలా వంగిన గూన పెంకులు, అంటే కుమ్మరి చేసే నాటు పెంకులు. పెద్ద కప్పు మీది పెంకులు తరువాత ఎప్పుడో మార్చారు, వసారా మీదివి మార్చలేదు. చూడకుండా పెద్ద కప్పును బట్టి ఊహించి ఉంటే మనం తప్పులో పడేవాళ్లమే.

ఫొటోను కొలవడం

మామ్మగారి పెట్టెలో ఒక పాత పెళ్లి ఫొటో ఉంది. అందరూ వసారా ముందు నిలబడి తీయించుకున్నది. పెళ్లికొడుకు కంటే వెనకాల స్తంభాలు మాకు ముఖ్యం! ఫొటోలో స్తంభం పొడవు 31 మిల్లీమీటర్లు ఉంది. అసలు పొడవు ఎంత?

ఒక జట్టు ఇంటి గుమ్మాన్ని కొలబద్దగా తీసుకుంది. గుమ్మం ఇప్పటికీ ఉంది కనుక దాని అసలు ఎత్తు కొలవవచ్చు, ఫొటోలోనూ కొలవవచ్చు, నిష్పత్తి కట్టవచ్చు. వారికి స్తంభం ఎనిమిదిన్నర అడుగులు దాటి వచ్చింది. రెండో జట్టు రెండు స్తంభాల మధ్య దూరాన్ని తీసుకుంది. నేల మీద ఆరు అడుగులు, ఫొటోలో 24 మిల్లీమీటర్లు. అంటే అడుగుకు 4 మిల్లీమీటర్లు. 31ని 4తో భాగిస్తే ఏడు ముప్పావు అడుగులు వచ్చింది.

ఎవరిది సరి? కొంచెం ఆలోచించండి. కెమెరాకు దూరంగా ఉన్న వస్తువు చిన్నదిగా పడుతుంది. గుమ్మం స్తంభాల కంటే నాలుగున్నర అడుగులు వెనక ఉంది. దూరంలో ఉన్న గుమ్మంతో దగ్గరున్న స్తంభాన్ని కొలిస్తే స్తంభం ఉన్నదానికంటే పొడుగు వస్తుంది. ఒకే తలంలో ఉన్న వస్తువులనే పోల్చాలి. కనుక రెండో జట్టుదే సరి. గోడ మీది గీతతో సరిచూద్దాం. పది అడుగుల నుంచి నాలుగున్నర అడుగులు ముందుకు వస్తే దిగేది రెండుంబావు. మిగిలింది ఏడు ముప్పావు! ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు మార్గాలు ఒకే సంఖ్యకు చేర్చాయి. ఫొటోలో అర మిల్లీమీటరు తేడా అంటే అసలు స్తంభంలో అంగుళమున్నర తేడా. కాబట్టి ఇంతకంటే దగ్గరగా రావాలని కోరడం అత్యాశ.

ఏడడుగుల చూరు రహస్యం

‘ఇంత కిందికి దిగిన చూరు ఎందుకు, మాస్టారూ? పైకి లేపితే వెలుతురు వస్తుంది కదా!’ అని మనవడు అడిగాడు. మంచి ప్రశ్నే. దీనికి జవాబు సూర్యుణ్ణి అడగాలి.

మా ఊరి అక్షాంశం సుమారు 16½ డిగ్రీలు. డిసెంబరు 22 ప్రాంతంలో సూర్యుడు భూమధ్యరేఖకు 23½ డిగ్రీలు దక్షిణంగా ఉంటాడు. ఆ రోజు మిట్టమధ్యాహ్నం అతని ఎత్తు ఎంత? 90లోంచి 16½, 23½ తీసివేస్తే 50 డిగ్రీలు. 50 డిగ్రీల టాంజెంటు 1.19. ఏడు అడుగుల ఎత్తున ఉన్న చూరు అంచును ఒరుసుకుంటూ వచ్చే కిరణం, 7ను 1.19తో భాగిస్తే వచ్చే దూరం, అంటే దాదాపు 5.9 అడుగులు లోపలికి వచ్చి నేలను తాకుతుంది. వసారా లోతు ఆరు అడుగులు! ఎండ అరుగంతా పరుచుకొని సరిగ్గా గోడ మొదలు దగ్గర ఆగిపోతుంది. చలికాలంలో ముసలివాళ్లు గోడకు చేరగిలబడి కాళ్లకు ఎండ కాచుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

మార్చి 21న చూడండి. సూర్యుని ఎత్తు 73½ డిగ్రీలు, టాంజెంటు 3.38. ఎండ చూరు గీత దాటి రెండు అడుగులే లోపలికి వస్తుంది. మే 6 ప్రాంతంలో సూర్యుడు మా నడినెత్తికి వచ్చి, ఆ తరువాత ఆగస్టు 6 ప్రాంతం వరకు మధ్యాహ్న వేళ ఉత్తరానే ఉంటాడు. ఆ మూడు నెలలూ దక్షిణపు వసారాలో మధ్యాహ్నపు ఎండ పొడ ఉండదు. ఆనాటి మేస్త్రీ టాంజెంటు పట్టికలు చూడనక్కరలేదు. నాలుగు సంక్రాంతులు, నాలుగు రోహిణి కార్తెలు కళ్లతో చూసినవాడికి ఏడడుగుల చూరు అలవాటుగా వస్తుంది.

పడమటి ముఖం ఇళ్లకు మాత్రం ఈ ఉపాయం పనిచేయదు. మే నెలలో సాయంత్రం నాలుగింటికి సూర్యుని ఎత్తు సుమారు 33 డిగ్రీలే. ఏడడుగుల చూరు కింద ఎండ పది అడుగులు దాటి లోపలికి వస్తుంది. అంత లోతు వసారా ఎవరు కడతారు? అందుకే పడమటి వైపు తడికలు, వట్టివేళ్ల తెరలు కట్టేవారు.

ఇక వాన సంగతి. ఒక మోస్తరు చినుకు సెకనుకు ఆరేడు మీటర్ల వేగంతో కిందికి పడుతుంది. అదే వేగంతో అడ్డంగా గాలి వీస్తే చినుకు 45 డిగ్రీల ఏటవాలుగా వస్తుంది. ఆ జల్లు ఏడడుగుల చూరు కింద ఆరు అడుగులు లోపలికి వచ్చేసరికి ఆరు అడుగులు దిగిపోతుంది. గోడ అడుగున ఒక్క అడుగు మేరే తడుస్తుంది. మనవడు చెప్పిన బల్లపరుపు స్లాబును గోడ మీద పది అడుగుల ఎత్తునే వేసి, ఆరు అడుగులే ముందుకు తెస్తే? అదే జల్లుకు గోడ నాలుగు అడుగుల ఎత్తు వరకు తడుస్తుంది. ‘స్లాబు వేసినా వాన ఆగదా, మాస్టారూ?’ అని మామ్మగారు ఆశ్చర్యపోయారు. నెత్తి మీద పడే వాన ఆగుతుంది, మామ్మగారూ. గోడను తినేది ఏటవాలు జల్లు!

గోడ ఊపిరి

తడిస్తే తడుస్తుంది, ఆరిపోతుంది కదా అంటారా? ఆరనివ్వాలి. అసలు కీలకం అక్కడే ఉంది.

ఆ ఇంటి గోడ గానుగ సున్నంతో కట్టినది. సున్నపురాయినో ఆల్చిప్పలనో బట్టీలో సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాలిస్తే కార్బన్ డయాక్సైడు పోయి పొడి సున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే బుసబుస పొంగి తడి సున్నం అవుతుంది. దాన్ని ఇసుకతో కలిపి ఎద్దుల గానుగలో మెత్తగా నూరేవారు. కరక్కాయ నానిన నీళ్లు, బెల్లం నీళ్లు కూడా కలిపేవారు. గోడలో చేరాక అది మెల్లగా గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకొని మళ్లీ రాయిగా మారుతుంది. బయలుదేరిన చోటికే తిరిగి వచ్చిందన్నమాట! ఈ సున్నంలో సన్నని రంధ్రాలు ఎక్కువ. నేల నుంచి కేశనాళికల వల్ల పైకి ఎగబాకిన చెమ్మ ఆ రంధ్రాల గుండా ఆవిరైపోతుంది.

సిమెంటు వేరు. మన దేశంలో 1914లో పోర్‌బందరులో దాని తయారీ నిలదొక్కుకున్నాక క్రమంగా ఊరూరా సున్నం గానుగలు ఆగిపోయాయి. సిమెంటు పూత గట్టిది, మందకొడి. లోపలి చెమ్మను సులభంగా బయటికి పోనివ్వదు. చెమ్మతో పాటు వచ్చిన లవణాలు పూత వెనకే స్ఫటికాలు కడతాయి. స్ఫటికం పెరిగేటప్పుడు చుట్టూ ఉన్న ఇటుకను నెడుతుంది. కొన్నాళ్లకు పూత బోలుగా మోగుతుంది, తరువాత పెచ్చుగా ఊడిపడుతుంది, వెనక ఇటుక పొడిపొడిగా రాలుతుంది. మామ్మగారి గోడకు తూర్పు కొసన ఎప్పుడో వేసిన సిమెంటు అతుకు ఉంది. తట్టి చూస్తే కుండలా మోగింది. ఆ అతుకు చుట్టూ మాత్రమే ఇటుక పాడైంది, సున్నం ఉన్నచోట గోడ నిక్షేపంగా ఉంది. మనవడిని ఒప్పించింది మా లెక్కలు కాదు, ఆ మోతే.

స్లాబుతో మరో చిక్కు ఉంది. మా డెల్టా నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగి నెర్రెలు విచ్చుతుంది. పాత గోడ ఎన్నో ఏళ్లుగా ఆ నేలతో సర్దుకుంది. కొత్త స్తంభాల పునాది దాని దారిన అది కదులుతుంది. బిగుసుకుపోయిన స్లాబు ఆ రెంటి మధ్య చిట్లుతుంది, చిట్లినచోట నీరు గోడలోకి దిగుతుంది. పెంకుల కప్పు అలా కాదు. ఒకదాని మీద ఒకటి పేర్చిన పెంకులు అంగుళం కదిలినా సర్దుకుంటాయి. బరువు కూడా లెక్కించుకోండి. పది సెంటీమీటర్ల స్లాబు చదరపు మీటరుకు సుమారు 240 కిలోలు. మేము తూచిన గూన పెంకుల కప్పు, కర్రతో సహా, 60 కిలోలు.

బల్లి తోక

ఇంతవరకు పాత పద్ధతే గెలిచింది. అయితే ఒక విషయంలో పాతదాన్ని యథాతథంగా కట్టకూడదు. 1977లో అది లేచిపోయిందన్న మాట మరవకండి!

గంటకు 180 కిలోమీటర్ల గాలి, అంటే సెకనుకు 50 మీటర్లు. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోలు. సాంద్రతలో సగాన్ని వేగం వర్గంతో గుణించండి. చదరపు మీటరుకు 1500 న్యూటన్లు వస్తుంది. సుమారు 150 కిలోల బరువంత. ముందు తెరిచి ఉన్న వసారాలో గాలి కిందినుంచి దూరి కప్పును పైకి ఎత్తుతుంది. ఎత్తే బలం కొన్నిచోట్ల దీనికి దగ్గరగా వెళ్లగలదు. కప్పు బరువు 60 కిలోలే. మిగతా 90 కిలోలకు సరిపడా ఎవరు పట్టుకోవాలి? పాత వసారాలో పట్టుకునేవాళ్లు లేరు. వాసాలు గూళ్లలో ఊరికే ఆని ఉండేవి.

కాబట్టి వాసానికీ దూలానికీ, దూలానికీ స్తంభానికీ, స్తంభానికీ పునాదికీ ఇనప పట్టీలు బిగించాలని నిర్ణయించాం. బయటికి కనిపించకుండా పై నుంచి వేయవచ్చు. చూరు వరుస పెంకులను సున్నంలో పొదగాలి. కాని వసారా వాసాలను పెద్ద కప్పు దూలాలకు మాత్రం కట్టకూడదు! ఎందుకంటే శత్రువు పట్టుకుంటే బల్లి తోక వదిలేసి ప్రాణం దక్కించుకుంటుంది. 1977లో ఈ ఇల్లు చేసింది అదే. వసారా పోయింది, పెద్ద కప్పు, కింద తలదాచుకున్నవాళ్లు మిగిలారు.

కర్ర విషయం త్వరగా ముగిద్దాం. వాసాలకు ముదురు తాడి సరిపోతుంది. తాడి ఏకదళబీజపు చెట్టు. టేకులో చేవ నడుమ ఉంటే తాడిలో గట్టి నారంతా అంచున ఉంటుంది, నడిమి భాగం మెత్తన. అందుకే మాను చీల్చి, లోపలి మెత్తదనం చెక్కేసి, నల్లని అంచునే వాడతారు. స్తంభాల అడుగున రాయి తప్పనిసరి. కర్ర కొన తడి నేలకు తగిలితే, బతికి ఉన్నప్పుడు నీరు పైకి తెచ్చిన నాళాలే చచ్చాక కూడా నీరు పీలుస్తాయి, చెదలకు విందు చేస్తాయి. గూన పెంకులు చేసే కుమ్మరులు ఇప్పుడు తక్కువ. పాత ఇళ్లు కూల్చేచోట కొనుక్కోవచ్చు. వేలితో కొట్టి చూడండి. ఖంగుమంటే తీసుకోండి, డబడబమంటే వదిలేయండి.

చివరికి ఒక్క ప్రశ్న మిగిలింది. పశువుల పాకలో మాకు పాత స్తంభం ఒకటి దొరికింది. నలుపలకల టేకు కర్ర. దాని తల దగ్గర ఇరువైపులా గాడి ఉంది. అంటే స్తంభానికీ దూలానికీ మధ్య చెక్కడపు బోదెలు ఉండేవి. వాటి మీద ఏం చెక్కారు? చిలకలా, తామరపూవులా? ఫొటోలో అక్కడ మసక. పక్క ఊరి ఇంట్లోని చిలకల్ని చూసి చెక్కించేద్దామని కొందరు ఉత్సాహపడ్డారు. 1964లో వెనిస్ నగరంలో పాత కట్టడాల నిపుణులు సమావేశమై ఒక నియమావళి రాసుకున్నారు. ఊహ ఎక్కడ మొదలవుతుందో పునరుద్ధరణ అక్కడ ఆగాలని అందులో ఒక నియమం. మామ్మగారికి అది చెప్పాం. ఆవిడ కాసేపు ఆలోచించి, ‘అయితే నున్నగా ఉంచండి నాయనా’ అన్నారు. వడ్రంగి ఆరు స్తంభాలకూ చెక్కడం లేని బోదెలు కొలత తీసుకున్నాడు.